షాహినాజ్ గుర్తులు

మొదటి దెబ్బ చెప్పుతో పడింది. రెండోది మిఠాయి కొట్టువాడి ఇత్తడి గరిటెతో. మూడోది పడేసరికి దౌలత్ నేల మీద ఉంది.

ఇఫ్తార్‌కి ఇంకా గంటన్నర టైముంది. కైరోలో షుబ్రా పేటలోని ఆ వీధిలో పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళయినా ముట్టని జనం ఖతాయెఫ్ మిఠాయి కోసం వరుసలో నిలబడి ఉన్నారు. దౌలత్ చేసిన ఘోరం ఏమిటయ్యా అంటే, తన ముందు నిలబడ్డ కసాయి ఫర్గలీ కూతురి తలగుడ్డ జారిపోతుంటే పిన్ను పెట్టింది. పెళ్ళి కుదిరిన పిల్ల. ఇంతోటి దానికి.

కానీ నిన్న రంజాన్ సీరియల్ పంతొమ్మిదో భాగంలో షాహినాజ్ కూడా అచ్చం అలాగే ఓ పెళ్ళికూతురికి పిన్ను పెట్టింది. షాహినాజ్ ఆడవాళ్ళ మీద మనసుపడే ఆడది. సంసారాలు కూలుస్తుంది, పెళ్ళిళ్ళు చెడగొడుతుంది. కత్తిరించిన జుట్టు, చేతికి మగవాళ్ళ గడియారం, బొంగురు గొంతు. కైరోలో ఇప్పుడు ఏ పిల్లాడినడిగినా ఈ మూడు గుర్తులూ అప్పజెబుతాడు.

దౌలత్‌కి మూడూ ఉన్నాయి. నీళ్ళ మోటార్లు బాగుచేస్తుంది. జుట్టు ఒకసారి బెల్టులో చిక్కి నెత్తురు కారినప్పటి నుంచీ కత్తిరించేసుకుంటోంది. గడియారం చచ్చిపోయిన మొగుడిది. గొంతు ఆపరేషన్ తర్వాత బొంగురుపోయింది. ఇవన్నీ వీధికి తెలుసు. తెలిసీ కొట్టారు, పాపిష్టి జనం.

"చేతులు పట్టుకోండి" అన్నాడు ఫర్గలీ. ఇద్దరు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఒకావిడ జుట్టు పట్టుకోబోయి, పట్టుకునేంత లేక, చెవి పట్టుకుని గుంజింది. పోగు దగ్గర చెవి తెగి రక్తం మెడ మీదికి కారింది. ఫర్గలీ మోకాలితో డొక్కలో పొడిచాడు.

ఎదురింటి రెండో అంతస్తులో ఆ సీరియల్ రచయిత్రి ఇనాస్ ఇరవై ఏడో భాగం రాస్తోంది. ఆ పనే అంత. సగం సీరియల్ టీవీలో వస్తుంటే మిగతా సగం ఇంకా కాగితాల మీద ఉంటుంది. కేకలు విని చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది.

ఇనాస్ అంటే ఆ వీధికి ఎంత గొప్పో. నడుం దాటిన జడ, కళ్ళకు కాటుక, రెండు చేతులా బంగారు గాజులు. పెళ్ళాడవలసినవాడు రైలు ప్రమాదంలో పోతే అతని మీద బెంగతో అలాగే ఉండిపోయిందని తల్లులు కూతుళ్ళకు చెప్పుకుంటారు. తోడుగా మేనమామ కూతురు నజ్లా ఉంటుంది. రంజాన్ నెలంతా ఆమె చేతి వంట పళ్ళెం వెళ్ళని గడప లేదు.

షాహినాజ్ విషయంలో ఇనాస్ పట్టిన పట్టు అంతా ఇంతా కాదు. పొడుగు జుట్టుతో, గాజులతో మామూలు పొరుగింటావిడలా ఉంటేనే జనం వణుకుతారని నిర్మాత బతిమాలాడు. అలాగైతే రాయను పొమ్మంది. మూడు రోజులు ఫోనెత్తలేదు. చివరికి అతనే దిగొచ్చాడు.

"మేడమ్ వచ్చారు, జరగండి" అన్నారెవరో. జనం దారిచ్చారు.

ఫర్గలీ చెమట తుడుచుకుంటూ దణ్ణం పెట్టినంత పని చేశాడు. "మీ పుణ్యమే మేడమ్. మీరు కళ్ళు తెరిపించకపోతే మా పిల్ల ఏమైపోయేదో."

"వదిలెయ్, ఫర్గలీ. ఆమె అలాంటిది కాదు."

"కాదని మీకెలా తెలుసు మేడమ్?"

ఆ అడగడంలో వెటకారం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. రాసింది మీరే కదా, అలాంటివాళ్ళని ఎలా పోల్చాలో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది, దగ్గరికొచ్చి చూసి చెప్పండి అన్నాడు.

దౌలత్ ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో ఇనాస్‌ని చూసింది. "చెప్పండమ్మా. నాకిద్దరు ఆడపిల్లలు."

"షాహినాజ్‌కీ ఉన్నారుగా కూతుళ్ళు" అంది చెవి గుంజినావిడ. అవునన్నారు అందరూ. పదకొండో భాగంలో చూశారు.

ఒక్క మాట చాలు. ఆ గుర్తులన్నీ నేను కల్పించినవి, ఒక్కటీ నిజం కాదు అంటే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే, మరి అసలు గుర్తులేవి అని ఫర్గలీ అడుగుతాడు. ఇనాస్ తలెత్తి చూసింది. బాల్కనీలో నజ్లా తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"నాకేం తెలుసు" అంది ఇనాస్. "నేను కథలు రాసుకునేదాన్ని."

వెనక్కి తిరిగి రెండడుగులు వేసిందో లేదో, ఫర్గలీ షట్టరు దించే ఇనుప కడ్డీ అందుకున్నాడు. ఎముక విరిగిన చప్పుడు మెట్ల దాకా వినిపించింది. తర్వాత గడియారం అద్దం ఎవరి కాలి కిందో నలిగింది.

అంబులెన్సు వచ్చింది. ఊపిరి ఉందన్నారు. ఖతాయెఫ్ వరుస మళ్ళీ కదిలింది.

పైన ఫోను మోగుతోంది. నిర్మాత. షాహినాజ్ చావు బాగా ఘోరంగా ఉండాలని జనం అడుగుతున్నారట, రేపటికి కావాలట. అలాగే అని పెట్టేసింది ఇనాస్. ఛీ, ఇదీ ఒక బతుకేనా అని ఏడ్చింది.

నజ్లా కిటికీలు మూసి, తలుపు గడియ పెట్టి వచ్చి, పద్దెనిమిదేళ్ళుగా ఇద్దరూ కలిసి పడుకుంటున్న మంచం మీద ఆమెను గుండెలకు హత్తుకుని కూర్చుంది; తమ ఇద్దరిలో ఎవరికీ లేనివే చూసుకుని షాహినాజ్‌కు ఆ మూడు గుర్తులూ ఇద్దరూ కలిసి ఎంచింది నిరుడు ఆ మంచం మీదే.