స్టార్ సవారీ

ఆదివారం పొద్దున హైటెక్ సిటీలో ఓ అద్దాల మేడ ముందు ఈలలే ఈలలు.

హీరో ఆదర్శ్ వస్తున్నాడు!

‘బండి బాగోతం’ అనే కార్ల టీవీ షోకి మొట్టమొదటి స్టార్ గెస్టు మరి. యాంకర్ దినేశ్‌కి కాళ్లు భూమ్మీద నిలవడం లేదు.

కార్ల పిచ్చితో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి ఈ షోలో చేరాడు దినేశ్. కూకట్‌పల్లిలో వాళ్ల నాన్న ఇప్పటికీ అతనితో సరిగా మాట్లాడడు. ఇప్పుడేమో రేటింగు నీరసంగా ఉంది. లేవకపోతే షో ఎత్తేస్తామని చానల్ వాళ్లు తెగేసి చెప్పారు.

అందుకే హీరో. అందుకే ఎర్ర తివాచీ.

సరిగ్గా ఆ తివాచీ మీదికే ఓ పాత మారుతి కారు దగ్గుకుంటూ వచ్చి ఆగింది.

“ఏయ్! ఎవరండీ అది?”

కిటికీలోంచి ఓ బట్టతల బయటికొచ్చింది.

“మొగిలి. బోరబండ. జర తలుపు తియ్యి బిడ్డా. లోపట్నుంచి రాదిది.”

దినేశ్ తీశాడు. అరవయ్యేళ్ల మనిషి దిగి, తివాచీ మీద నవాబులా రెండడుగులేసి, జనానికి చెయ్యూపాడు. జనం పొరపాటున చప్పట్లు కొట్టేశారు.

“చూసినవా? హీరోకు ఏం తక్కువున్న?”

“మిమ్మల్ని ఎవరు రమ్మన్నారండీ?”

“మీవోళ్లే. ‘మీ ఇంటి బండి’ అని వస్తది గద, అండ్ల నా బండి చూపెడ్తమని ఫోన్ జేసిండ్రు.”

దినేశ్‌కి అప్పుడు వెలిగింది. వారం వారం ఓ మామూలు మనిషి తన బండి కబుర్లు చెప్పుకునే ముక్క అది. స్టార్‌కి చోటు కోసం దాన్నే పీకేశారు. పీకేసిన సంగతి ఈయనకి చెప్పడం ప్రొడ్యూసర్ ప్రవీణ మర్చిపోయింది.

“అది ఇంక లేదంకుల్. దాని బదులు ‘స్టార్ సవారీ’.”

మొగిలి మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆగిపోయింది. మళ్లీ తనే స్టార్ట్ చేసుకున్నాడు.

“అయితే ఆ హీరో బండి నడుపుతడా?”

“నడపరండీ. పక్క సీట్లో కూర్చుని కబుర్లు చెబుతారు.”

“కూసుంటానికైతే మా ఇంటామె చంద్రమ్మ గూడ కూసుంటది. పిలువాల్నా?”

పక్కనే ఉన్న ప్రవీణ కిసుక్కున నవ్వింది. దినేశ్‌కి ఒళ్లు మండింది.

“జనానికి స్టార్ కావాలి అంకుల్. మీ డొక్కు బండి ఎవరు చూస్తారండీ?”

“మేం జూస్తం. మా ఇంట్ల ఐదుగురం. ఈ వారం ఎవని బండొస్తదో అని అన్నం పళ్లాలు పట్టుకొని కూసుంటం. సినిమా ముచ్చట్లకు సినిమా చానళ్లు లేవా ఏంది? మోటర్ల ప్రోగ్రాంల మోటరుండాలె. హీరో వస్తే మేం టీవీ బంద్!”

“చేసుకోండి! మీరు ఐదుగురు చూడకపోతే మా షో ఆగిపోదు లెండి.”

“ఆగుతదో ఉరుకుతదో చూద్దం తియ్యి.”

అంతలో గోల. హీరో కారొచ్చేసింది!

అందరికన్నా ముందు మొగిలి ఉరికి హీరోకి తలుపు తీశాడు.

“దిగు బిడ్డా. నీ బండిది లోపట్నుంచి వస్తదా, రాదా?”

జనం గొల్లుమన్నారు. హీరో బిత్తరపోయాడు.

“ముందా మనిషిని బయటికి పంపండి!” అని దినేశ్ అరిచాడు.

మారుతి మళ్లీ స్టార్ట్ కానంది. నలుగురు సెక్యూరిటీ వాళ్లు గేటు దాకా తోశారు. తోస్తున్నంతసేపూ మొగిలి స్టీరింగ్ ముందు కూర్చుని, “ఇంక జర జోరుగ!” అంటూ హారన్ కొడుతూనే ఉన్నాడు.

షూటింగ్ మాత్రం అదిరింది. “ఈ కారులో మీకేం నచ్చింది సార్?” అంటే, “రంగు” అన్నాడు హీరో. మిగతా టైమంతా తన కొత్త సినిమా కథ చెప్పాడు. జనం సెల్ఫీల కోసం ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు.

“రేటింగు చూడు, ఎక్కడికెళ్తుందో!” అని ప్రవీణ ఎగిరి గంతేసింది.

రేటింగు వెళ్లింది. పాతాళానికి.

తర్వాతి వారం హీరోయిన్ని తెచ్చారు. ఆ పై వారం కమెడియన్ని తెచ్చారు. స్టార్ వచ్చిన కొద్దీ అది ఇంకా కిందికే పోయింది.

ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. షో మూసేశారు.

కొన్నాళ్లకి దినేశ్, ప్రవీణ కలిసి సొంతంగా యూట్యూబ్ చానల్ పెట్టుకున్నారు. స్టార్లని పిలిచే తాహతు లేదు. దినేశ్‌కి మొదట గుర్తొచ్చింది ఆ దగ్గే మారుతి. సిగ్గుపడుతూనే బోరబండ వెళ్లాడు.

“అరె, యాంకర్ బాబు! రా, రా. చంద్రమ్మా, చాయ్ పెట్టు!”

“ఆ రోజుకి సారీ అంకుల్.”

“దేనికి? తోసినందుకా? గేటు దాక పెట్రోల్ మిగిలింది నాకు.”

దినేశ్ పగలబడి నవ్వాడు. ఇన్నాళ్లకి గుండె తేలికైంది.

చంద్రమ్మ చాయ్ ఇచ్చి, సీరియల్ టైమైందని టీవీ ముందు కూర్చుంది. కూర్చునే ముందు ఓ బుల్లి రిమోట్ తీసుకుని బటన్ నొక్కింది. టీవీ పక్కనున్న చిన్న పెట్టెలో దీపం వెలిగింది.

“అదేంటి అంకుల్?”

మొగిలి వాకిలి వైపు చూసి గొంతు తగ్గించాడు.

“ఎవ్వలికి చెప్పొద్దన్నరు. నువ్వు మన పోరనివి గాబట్టి చెప్తున్న. టీవీ ముంగట కూసున్నోళ్లు ఎవరి బటన్ వాళ్లు నొక్కాలె. లేస్తే మళ్ల నొక్కి బంద్ జెయ్యాలె. మీ హీరో టీవీల వచ్చిన రోజు ఐదుగురం ఐదు బటన్లు బంద్ జేసి, మిర్చి బజ్జీలకు బోయినం.”

దినేశ్ చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆ పెట్టె దగ్గరికి వెళ్లి వంగి చూశాడు.

టీవీలో పనిచేసినన్నాళ్లూ వినడమే తప్ప కళ్లతో చూడని పెట్టె అది. వేల ఇళ్ల తరఫున ఏదో ఒక ఇంట్లో, చానల్ వాళ్లకి కూడా తెలియకుండా పెట్టి, ఏ షో ఎందరు చూశారో లెక్కగట్టే రేటింగు పెట్టె. చానల్ మొత్తం తలలు బద్దలు కొట్టుకుని వెతికిన ఆ ‘జనం’ ఈ మొగిలే.