పదో కుక్కపిల్ల

"పదో కుక్క వస్తే తప్ప సీసా మూత తీయను మాస్టారూ," అన్నది డాక్టర్ విశాలి. "ఒక సీసాలో పది కుక్కలకు సరిపడే టీకా మందు ఉంటుంది. తీసిన పూటే వాడెయ్యాలి. మిగిలితే నేను సంజాయిషీ రాసుకోవాలి."

పశువుల ఆసుపత్రి వరండాలో కుక్కలు తొమ్మిదే ఉన్నాయి. ఎనిమిదింటికి గొలుసులో తాళ్లో ఉన్నాయి. తొమ్మిదోది, మూడు నెలల తెల్లని పొమరేనియన్ పిల్ల డ్యూక్, విశ్రాంత ప్రధానోపాధ్యాయులు కూర్మనాథంగారి జిప్పు సంచిలో తువ్వాలుకూ నీళ్ల సీసాకూ మధ్య ఉంది.

పన్నెండు కాగానే ఆసుపత్రి మూసేస్తారు. మళ్లీ ఉచిత టీకాలు వచ్చే నెలలోనే. అంతవరకు ఆగడానికి లేదు. రెండు రోజులుగా ఆయన వీధిలో పిచ్చికుక్క తిరుగుతోంది. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డాక్టరు అన్ని టీకాలకూ కలిపి మూడు వేల రెండు వందలు అవుతుందన్నాడు. "నా పెళ్లికి కూడా అంత ఖర్చు కాలేదయ్యా," అని కూర్మనాథంగారు కుర్చీలోంచి లేచి వచ్చేశారు.

సంచి కదలడం లేదు. ఆటో కుదుపులకు డ్యూక్ నిద్రపోయి ఉంటుందనుకున్నారు.

పన్నెండుకు పది నిమిషాలుందనగా, కళింగపట్నం నుంచి లక్ష్మీనరసమ్మ అనే ముసలామె వచ్చి, నెత్తి మీది చేపల బుట్టను డాక్టరు బల్ల మీద దించింది.

"ఇదిగోనమ్మా, పదోది."

విశాలి తొంగి చూసింది. "బుట్ట ఖాళీగా ఉంది కదమ్మా?"

"ఉన్నాదమ్మా. నీకు అగుపడకపోతే ఆ మేస్టార్ని సూసి సెప్పమను."

కూర్మనాథంగారు కళ్లజోడు సవరించుకుని చూశారు. బుట్ట అడుగున నాలుగు పొలుసులు మెరుస్తున్నాయి. అంతకు మించి ఏమీ లేదు.

"ఉన్నాదని సెప్పీయండి మేస్టారూ!" అన్నాడు అల్సేషన్ గొలుసు పట్టుకుని నిలబడలేక నిలబడిన గిరిబాబు. "మీ సొమ్మేటి పోతాది? మా అందరి పనీ అయిపోతాది."

విశాలి గడియారం వంక చూసి గొంతు తగ్గించింది. "చూశానని మీరు సాక్షి సంతకం పెడితే నాకు అభ్యంతరం లేదు మాస్టారూ."

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో, బడికి రాని పిల్లవాడికి ఒక్కనాడూ హాజరు వేసిన చేయి కాదది. వీధిలోని పిచ్చికుక్క గుర్తుకు వచ్చింది. మూడు వేల రెండు వందలు కూడా గుర్తుకు వచ్చాయి.

"రంగు?" అని అడిగింది విశాలి, రిజిస్టరు తెరిచి.

"ఎర్రదమ్మా. మెడల నీలం వలతాడు ముక్క కట్టినాను."

కూర్మనాథంగారు ఇంగ్లీషులో, పొడి అక్షరాలతో కాక పూర్తి పేరుతో సంతకం చేశారు.

విశాలి సీసా మూత తీసి అల్సేషన్ వైపు నడిచింది. లక్ష్మీనరసమ్మ మాత్రం బుట్ట తీసుకుని కూర్మనాథంగారి పక్కకు వచ్చింది.

"పోయిన్నెల ఈ అరుగు మీద తొమ్మిదిమందిమి ఉన్నాం బాబూ. పదో మనిషి తమరే. సేపలోసనని ముక్కుకి రుమాలెట్టుకొని ఎలిపోనారు. ఆ వేళ సీసా తియ్యనేదు. వారం తిరక్కుండా నా కుక్కపిల్లని పిచ్చికుక్క కరిసీసింది. మొన్న దానికీ పిచ్చెక్కి నురగలు కక్కతంటే, మావోళ్లు కొట్టి సంపి సముద్రంల ఇసిరీసినారు."

కూర్మనాథంగారు ఖాళీ బుట్టలోకి మళ్లీ తొంగి చూశారు. "మరి... బుట్టలో ఉందన్నావు?"

"నేను సెప్పితే ఎవులు నమ్ముతారు బాబూ? తమరు సదూకున్నోరు. ఉన్నాదని తమరు రాసినారు." ఆమె బుట్ట నెత్తికెత్తుకుంది. "ఇంక ఉంటాది."

ఆమె గేటు దాటుతుండగా, ఆయన ఒడిలోని సంచి కదిలింది. లోపల సన్నని మూలుగు. సంచి ఇందాకటి కంటే బరువనిపించింది. "లేచావా నాయనా?" అన్నారు కూర్మనాథంగారు, ఊపిరి పీల్చుకుని.

ఆయన వంతు వచ్చింది. పూర్తిగా తీస్తే దూకేస్తుందని జిప్పు నాలుగు వేళ్ల మేర మాత్రమే తీశారు. విశాలి చేయి లోపలికి పెట్టి, తొడ దొరకబుచ్చుకుని సూది వేసింది.

"ఇంత తడిగా ఉందేమిటి మాస్టారూ? స్నానం చేయించారా?"

"లేదమ్మా. నీళ్ల సీసా మూత ఊడి ఉంటుంది."

తిరుగుప్రయాణంలో సంచి ఒకటే వణుకు. బుజ్జగిద్దామని ఆయన చేయి లోపలికి పెట్టగానే, అది చూపుడు వేలిని గట్టిగా కరిచింది. టీకా వేయించిన సొంత కుక్కపిల్ల పంటి గాటుకు భయమేమిటని, జిప్పు మూసి, వేలికి రుమాలు చుట్టుకున్నారు.

"హైమా! పైసా ఖర్చు లేకుండా పని అయిపోయింది," అన్నారు గుమ్మంలో అడుగు పెడుతూనే.

హైమవతి వంటింట్లోంచి వచ్చింది. ఆమె చంకలో తెల్లగా, పొడిగా, ఆవులిస్తూ డ్యూక్.

"ఏం పని అయిపోయిందండీ? మీరు గొడుగు కోసం లోపలికి వెళ్లగానే ఇది సంచిలోంచి దూకి మంచం కిందికి దూరింది. మీరేమో వట్టి సంచి జిప్పు వేసుకుని వెళ్లిపోయారు. ఫోను చేస్తే ఇక్కడే మోగింది."

కూర్మనాథంగారు సంచిని నేల మీద పెట్టారు. అది చదునుగా ఒరిగిపోయింది. జిప్పు పూర్తిగా లాగారు. నీళ్ల సీసా మూత బిగించే ఉంది. తువ్వాలు నిండా తడి ఇసుక, దాని మీద ముడి విప్పని నీలం వలతాడు ముక్క.

"అదేమిటండీ," అన్నది హైమవతి, "ఆ రుమాలుకు నెత్తురేమిటి?"