ఈశ్వరయ్య ఫిర్యాదు

“ఆయన్ని ఇటు పంపించమ్మా జాస్మిన్. ఆయన ఫిర్యాదులు ఎప్పుడూ నేనే చూస్తాను” అన్నాడు యజ్ఞనారాయణ.

“ఈసారి నాకే చెప్తడట సార్” అంది జాస్మిన్ తల ఎత్తకుండా.

ఈశ్వరయ్య యజ్ఞనారాయణకు దూరం నుంచే ఓ నమస్కారం పెట్టి, ఆమె బల్ల ముందు కుర్చీ దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు.

మాదాపూర్‌లో ఐటీ కంపెనీల అద్దాల మేడల మధ్య ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంది ఆ అంబుడ్స్‌మన్ కార్యాలయం. నగరంలో ఏ ఆఫీసూ తమ గోడు వినని జనం ఆఖరుకు అక్కడికి వస్తారు. అంబుడ్స్‌మన్‌గా ఉన్నది ఒక రిటైర్డు జడ్జిగారు. ఆయన్ని ఎవరు కలవాలన్నా సూపరింటెండెంటు యజ్ఞనారాయణ సరేననాలి.

పుప్పాలగూడ ఈశ్వరయ్య తెలియనివాళ్లు ఆ ఆఫీసులో లేరు. ఊళ్లో అపార్టుమెంట్లు లేచినప్పటి నుంచి ఆయనకు ఏదో ఒక బాధ. మురుగునీళ్లు వాకిట్లోకొచ్చాయనీ, ఇసుక లారీ గోడను గుద్దిందనీ వారం వారం వచ్చేవాడు. “వచ్చాడండీ, నా ప్రాణానికి” అని విసుక్కుంటూనే యజ్ఞనారాయణ టీ తెప్పించేవాడు. ఫిర్యాదు కాసేపట్లో అయిపోయేది, కబుర్లు మాత్రం తెమిలేవి కావు. ఆయన భూమి అమ్ముకున్న సంగతి, ఈయన తణుకు నుంచి వచ్చి మదీనాగూడలో స్థిరపడిన సంగతి, ఈయన భార్య అమ్మణ్ణికి నడుస్తున్న డయాలసిస్ సంగతి అన్నీ ఆ బల్ల దగ్గరే దొర్లాయి.

అలాంటివాడు ఇప్పుడు మెదక్ నుంచి కొత్తగా చేరిన పిల్ల దగ్గర గుసగుసలాడుతున్నాడు. ఆమె ఆయన్ని “కాకా” అంటోంది. ఆయన ఆమెను “బిడ్డా” అంటున్నాడు. తనను ఇన్నేళ్లలో “సారు” తప్ప మరో పిలుపు పిలిచిందే లేదు. యజ్ఞనారాయణ మంచినీళ్ల వంకతో అటు వెళ్లాడు. ఇద్దరూ టక్కున మాటలు ఆపేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో గొణుగుతుంటే అమ్మణ్ణి నవ్వింది.

“వింటే ఆయన్నెవరో మీకు రాసిచ్చారనుకుంటారండీ. పీడ విరగడైందని సంతోషించక!”

“వాళ్లూ వాళ్లూ ఒకటయ్యారు. అంతేలే.”

నగరమంతా తెలంగాణ ఉద్యమంతో ఉడుకుతున్న రోజులవి. రోడ్డు మీద రోజూ ఊరేగింపులే. ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు ఇద్దరే, యజ్ఞనారాయణ, ఉదయ్ భాస్కర్.

మర్నాడు ఉదయ్ భాస్కర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. “విన్నారాండీ? ఆఫీసులో మిగతావాళ్లకు ముందే తెలుసట. మనిద్దరిలో ఒకరిని కాకినాడ శాఖకు పంపాలట. ఎవరన్నది జడ్జిగారి ఇష్టం. శుక్రవారం సంతకం పెడతారు.”

యజ్ఞనారాయణ చూపు జాస్మిన్ వైపు మళ్లింది. తను వెళితే ఖాళీ అయ్యేది సూపరింటెండెంటు కుర్చీ.

అప్పుడే ఆమె వచ్చి నిలబడింది. “సార్, ఈశ్వరయ్య కాకాకు జడ్జిగారితోని జర మాట్లాడాల్నట.”

“దేని గురించి?”

“జడ్జిగారికే చెప్తడట.”

“నాకు చెప్పకూడనిదా?”

జాస్మిన్ వరండా వైపు చూసింది. “మీకు తెలిస్తే లోపటికి పోనియ్యరంటున్నడు సార్.”

యజ్ఞనారాయణకు చెవులు వేడెక్కాయి. “ఈ వారం జడ్జిగారికి తీరిక లేదని చెప్పు.”

ఈశ్వరయ్య వెళ్లలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం జాస్మిన్ తన డబ్బాలోని అన్నం ఆయనకు సగం పెట్టింది. అద్దం తలుపులోంచి అది చూస్తూ యజ్ఞనారాయణ తన క్యారేజీ తెరవకుండానే మూసేశాడు.

“ఏమండీ, జడ్జిగారికి నా సంగతి ఒక్క మాట చెప్పరాదూ?” అంది రాత్రి అమ్మణ్ణి. “మళ్లీ కొత్త ఊళ్లో ఆసుపత్రులు వెతుక్కోవాలంటే నావల్ల కాదు.”

“జాలి చూపించమని అడుక్కోవడం నా చేతకాదు, అమ్మణ్ణీ. పని చూసి ఉంచితే ఉంచుతారు.”

శుక్రవారం బంద్. బస్సుల్లేవు. అయినా ఈశ్వరయ్య పుప్పాలగూడ నుంచి నడిచొచ్చాడు. చెప్పుల నిండా దుమ్ము.

“జర పోనియ్యి సారు. లొల్లి చెయ్య. ఒక్క మాట చెప్పొస్త.”

“ఆ మాటేదో నాకు చెప్పు.”

“మీకు చెప్పేది గాదు.”

“అయితే కుదరదు.”

జడ్జిగారు ఇంటికి బయల్దేరే వేళ యజ్ఞనారాయణ ఆయన బ్యాగు తనే అందుకున్నాడు. “ముందు మెట్ల దగ్గర జనం ఉన్నారండి” అని వెనక లిఫ్టు వైపు తీసుకెళ్లాడు. కారు గేటు దాటాక, గెలిచినట్టు ఊపిరి పీల్చుకుని పైకొచ్చాడు.

బల్ల మీద బదిలీ ఉత్తర్వు ఉంది. అతని పేరే. ఉదయ్ భాస్కర్ అప్పటికే వెళ్లిపోయాడు. జాస్మిన్ తన కుర్చీలో కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆమెను పలకరించబుద్ధి కాలేదు.

ఈశ్వరయ్య మెట్ల మీద ఇంకా కూర్చునే ఉన్నాడు.

“జడ్జిగారు వెళ్లిపోయారు. ఇక లే” అన్నాడు యజ్ఞనారాయణ.

“గట్లెట్ల పోయిండు సారు? నేనీడనే కూసున్న గద!”

“నన్ను కాకినాడ వేశారు. సంతకం కూడా అయిపోయింది. ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?”

ఈశ్వరయ్య లేవబోయి మళ్లీ మెట్టు మీదే కూలబడ్డాడు.

యజ్ఞనారాయణ ఓ మెట్టు దిగి ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు. “ఇన్నేళ్లు నా ఎదుట కూర్చుని టీ తాగావు. నా మీద జడ్జిగారికి ఏం చెప్పాలనుకున్నావో ఇప్పుడైనా చెప్పు.”

ముసలాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

“మిమ్మల్ని పంపొద్దని, సారు.”