ఎదురింటి ప్రశ్నలు

"అమ్మా, మీ ప్లీడరు మళ్ళీ వస్తున్నాడు!" కిటికీ దగ్గర నుంచి ఆయా కేకేసింది.

"నా ప్లీడరేమిటే? కేసు మన మీదైతేనూ!" అంది పెద్ద టీచరు, చేతులకంటిన రంగు తుడుచుకుంటూ.

గదిలో అందరూ సర్దుకున్నారు. సర్దుకోవడానికి చోటుంటే కదా! మాటా నడకా ఆలస్యమైన పిల్లల కోసం పాత కారు షెడ్డులో నలుగురితో మొదలైన సెంటరు అది. ఇప్పుడు షెడ్డు నిండింది, పక్క గదులు నిండాయి, వరండా నిండింది, ఆఖరికి ఉయ్యాల వంటగది గుమ్మానికి చేరింది. ఎవరైనా ఊగుతుంటే ఆయా టీ గ్లాసులతో అదను చూసి దూరాలి. నడక నేర్పే చాప పరవాలంటే పెద్ద టీచరు బల్ల వీధిలోకి నడవాలి. చేర్చుకోమని వచ్చే తల్లులకు "చోటు లేదమ్మా, కొన్నాళ్ళాగి రండి" అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు అరిగిపోయింది. నిన్న ఒకామె పిల్లను భుజాన వేసుకుని వెనుదిరిగింది. ఆ వెళ్ళడం ఇంకా కళ్ళలో మెదులుతూనే ఉంది.

ఎదురుగా ఉన్నది ప్లీడరు గారిల్లు. కింద వాటా మొత్తం ఖాళీ. వెడల్పాటి తలుపులు, చక్రాల కుర్చీకి అడ్డొచ్చే మెట్టు ఒక్కటీ లేదు. మేడ మీద ఆయననూ ఆయన భార్యనూ తప్ప మూడో మనిషిని వీధిలో ఎవరూ చూడలేదు. అద్దెకిమ్మని అడిగితే ఆయన ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. "ముందు చూడాలి" అన్నాడు. అప్పటి నుంచి రోజూ వచ్చి చూస్తూనే ఉన్నాడు. కోర్టు మానేసి ఏళ్ళయినా కోర్టు ఆయన్ని మానలేదు. పలకరింపు కూడా క్రాస్ ఎగ్జామినేషనే.

"కూర్చోండి సార్," అంటూ ఆటల టీచరు పిల్లల కుర్చీ ఒకటి జరిపింది. ఉన్నవి అవే. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఆయన అందులో ఇరుక్కున్నాడు.

"నిన్న ఒకడు పొద్దస్తమానం కేకలు పెట్టాడు. మా మేడ మీదికి వినిపించాయి."

"కొత్తగా చేరాడండీ. చోటు అలవాటయ్యే దాకా..." పెద్ద టీచరు నసిగింది.

"నోరు మూయించలేదేం?"

"ఎలా మూయిస్తాం సార్? వాడికి మాటలు రావు. ఆ కేకే వాడి మాట. పక్కన కూర్చున్నాం. వాడే ఆపాడు."

"ఆపకపోతే?"

"ఇవాళ కూడా కూర్చునేవాళ్ళం."

"ఊఁ."

ఆ 'ఊఁ' ఎటు మొగ్గుతుందో ఆవిడకు అంతుబట్టలేదు. ఇంతలో ఫ్యాన్ల పాప ఆయన ముందుకొచ్చి నిలబడింది. ఎవరొచ్చినా ఆ పిల్లది ఒకటే ప్రశ్న.

"తాతా, మీ ఇంట్లో ఫ్యాన్లెన్ని?"

"నిన్ననే చెప్పానుగా! అయిదు."

"తిరిగేవి?"

"ఒకటి. అది రాత్రీ పగలూ తిరగాల్సిందే."

"ఆపితే?"

"ఇల్లు పీకి పందిరేసేస్తారు."

ఆటల టీచరు పెద్ద టీచరు చెవి దగ్గరికి వంగింది. "ఇంట్లో జడ్జి అమ్మగారేనన్నమాట!"

పెద్ద టీచరు నవ్వాపుకునేలోపే ప్లీడరు ఇటు తిరిగాడు. "కొరికే పిల్లలుంటారా?"

"ఇదిగోండి సాక్ష్యం!" ఆయా ముంజేయి చాపింది. "పోయినేడు నన్ను కొరికినవాడే ఇప్పుడు రోజూ వచ్చి ముద్దు పెడుతున్నాడు. పళ్ళు మాత్రం అవే సార్!"

"కొరికినందుకు పంపించెయ్యలేదా?"

"కన్నవాళ్ళు పంపించేస్తారా ఏమిటి?"

"తలుపు తీసుకుని రోడ్డు మీదికి పరిగెడితే బాధ్యత ఎవరిది?"

"మాదే సార్. గొళ్ళెం పైకెత్తి పెట్టించాం," అంది పెద్ద టీచరు.

"మీకూ వయసు మీద పడుతోంది. రేపు మీకేమన్నా అయితే వీళ్ళ గతేమిటి?"

ఆ మాటతో పెద్ద టీచరుకు చిర్రెత్తుకొచ్చింది. ఉన్న ఓపికంతా పిల్లలకే ఖర్చు పెట్టే మనిషి. పెద్దవాళ్ళకు మిగిలేది తక్కువ.

"సార్, ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదనెయ్యండి. అంతేగానీ ఈ పిల్లల్ని రోజూ బోనులో నిలబెట్టకండి! అవును, అరుస్తారు, కొరుకుతారు, పరిగెడతారు. నేనున్నంత కాలం నేను చూస్తాను, ఆ తర్వాత ఈ ఆటల టీచరు చూస్తుంది. చోటు లేక తప్ప ఎవరినీ వెనక్కి పంపలేదు. ఆ చోటేమో మీ ఇంట్లో ఖాళీగా పడుంది!"

ఉయ్యాల ఆగింది. ఇక ఎదురిల్లు దక్కినట్టేనని ఆయా నుదురు కొట్టుకుంది.

ప్లీడరు లేచాడు. ఆయనతో పాటు కుర్చీ కూడా లేచింది. ఫ్యాన్ల పాప చప్పట్లు కొట్టి పకపకా నవ్వింది. ఆటల టీచరు పరిగెత్తుకొచ్చి కుర్చీని లాగి ఆయన్ని విడిపించింది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆయనా నవ్వాడు.

"రేపు రంగులేసేవాళ్ళొస్తారు. గోడలకు ఏ రంగు కావాలో చెప్పండి."

పెద్ద టీచరు తెల్లబోయింది. "అంటే... ఇస్తున్నట్టేనా సార్?"

"ఇచ్చేసినట్టే. కింద వాటా మొత్తం."

"మరి షరతులు?"

"ఇంటికేం లేవు. అక్కడ చేరే మొదటి పిల్లాణ్ణి మాత్రం నేను చెప్తాను."

సిఫార్సన్నమాట! పోనీలే, ఇంత ఇల్లిచ్చే మనిషి ఆ మాత్రం అడగడంలో తప్పేముంది అనుకుంది ఆవిడ. "అలాగే సార్. మీకు తెలిసినవాళ్ళ బాబా?"

ఆయన తన మేడ మీద, ఫ్యాను ఆగకుండా తిరిగే గది వైపు చూశాడు.

"మా మనవడమ్మా."