ఇవ్వని కొలత

"ఇగ నాతోని కాదమ్మా! ఒక్క మేకు సుత ఎక్కువ కొట్ట!"

అబ్రహాం ఉలిని బల్ల మీద ఠపీమని పెట్టాడు. రాంగోపాల్‌పేట్ సందులో శవపేటికలు చేస్తాడాయన. ఎదురుగా స్కూటీ దిగి, నెత్తికి చుట్టిన స్కార్ఫ్ కూడా తీయకుండా నిలబడింది ప్రిసిల్లా. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్. వాళ్లమ్మకు రోజులు దగ్గర పడ్డాయని చెప్పి పెట్టె చేయమంది. మామూలు టేకు పెట్టె చాలంది. తర్వాత ఇత్తడి పిడులంది, సరే. మూత మీద సిలువ అంది, చెక్కాడు. సిలువ పక్కన పావురం అంది, అదీ సగం అయింది. ఇవాళొచ్చి తల దగ్గర ముఖం కనిపించేలా అద్దం పెట్టమంటోంది! ఓపికకైనా హద్దుండొద్దూ?

"చిన్న మార్పే కదా అంకుల్."

"అన్నీ చిన్నయే! గిట్లనే పెంచుకుంట పోతే అక్కడ అమ్మగారు పోతరు, ఇక్కడ పెట్టె తయారే కాదు. అప్పుడేం జేస్తవ్?"

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. ఆమె మాత్రం నీరసంగా నవ్వింది.

"ఆఫీసులో నా పనే అది అంకుల్. క్లయింట్లు ముందు ఒకటి అడుగుతారు, తర్వాత రోజుకొకటి చేరుస్తారు. ఒప్పుకున్నదాని మీద ఒక్కటి కూడా చేర్చనివ్వను. రాక్షసి అంటారు నన్ను."

"మరి నాకేందమ్మా ఈ పరేషాన్?"

ప్రిసిల్లా సగం చెక్కిన పావురాన్ని వేలితో తడిమింది. "అక్కడ పని ఎంత తొందరగా అయితే అంత మంచిది. ఇక్కడ... పెట్టె తయారైతే తీసుకెళ్లాల్సిందే కదా."

అబ్రహాం గుండె కలుక్కుమంది. పాపం, తల్లంటే ఎంత ప్రేమో! కోపమంతా చల్లారిపోయింది. అయినా పని పనే.

"పెట్టె ఆపితే పోయే పానం ఆగదు బిడ్డా. అద్దం పెడ్తా, గదే ఆఖరు. ముందు కొలతియ్యి. అడిగినప్పుడల్లా రేపంటవు. మూత చెక్క మీద చెక్కుడే గానీ, కొలత లేకనే ఒక్క పలక సుత పొడవుకు కోయలే."

ఆమె పావురం మీంచి వేలు తీసేసింది.

"అమ్మగారు ఏ హాస్పిటల్ల ఉన్నరో చెప్పు. నేనే వచ్చి తీస్కుంట."

"అంత దూరం అక్కర్లేదు అంకుల్."

అబ్రహాం అర్థంకాక టేపు చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. ప్రిసిల్లా చెప్పులు విడిచింది. మెల్లగా స్కార్ఫ్ విప్పి, ఒక్క వెంట్రుకైనా లేని తలను గోడకు ఆనించి నిటారుగా నిలబడింది.

"తీసుకోండి."