తాళాల మేస్త్రీ మొక్కు

రెండో వరద వచ్చిన ఏడు అది. నీళ్ళు తీసి నెల దాటినా గోడల మీద నడుమెత్తున బురద చార ఇంకా చెరగలేదు. తాళాల మేస్త్రీ బురద చెప్పులతోనే ఇంట్లోకి వచ్చాడు. అప్పుడే తుడిచిన గచ్చు మీద గుమ్మం నుంచి వంటింటి దాకా నడిచి, అక్కడ ఆగి భార్య వైపు చూశాడు.

ఆమె ఆ అడుగుల వంక చూసింది. గుడ్డ తెచ్చి వంగి తుడుస్తూ, "చేతులు కడుక్కో, వడ్డిస్తాను" అంది.

మేస్త్రీకి భయం వేసింది.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇలాంటిది ఎన్నడూ జరగలేదు. ఆమె ఒకటి అంటే ఆయన నాలుగు అనేవాడు. ఆమె గొంతు వీధి చివరి దాకా వినిపిస్తే, ఆయన జవాబు మలుపు దాటేది. మొన్న వరదలో పనిముట్ల పెట్టె కోసం దుకాణానికి వెళ్ళి, మూడు రోజులు కప్పు మీద చిక్కుకుని, ఎవరో పడవలో తెచ్చి దింపినప్పుడు కూడా అంతే.

"పెట్టె కోసం ప్రాణం పోగొట్టుకుంటావా?" అని ఆమె ఏడుస్తూ తిట్టింది.

"పెట్టె లేకుండా ప్రాణం ఉండి ఏం చేసుకుంటాను?" అని మొదలుపెట్టి, ఆయన పొద్దుగూకే దాకా జవాబు చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి ఆమె ఆయన్ని ఒక్క మాట అనలేదు.

మేస్త్రీ చేయని ప్రయత్నం లేదు. కొత్త బకెట్లో కిరసనాయిలు పోసి తుప్పు తాళాలు నానబెట్టాడు. గొడుగు ఎక్కడో పారేసుకుని వచ్చాడు. ఆఖరికి ఆమె తమ్ముణ్ణి పనికిమాలినవాడు అన్నాడు. "నీ ఇష్టం" అంది ఆమె. ఆ మాటతో మేస్త్రీకి తిండి సయించడం మానేసింది.

కూతురు కిటికీ దగ్గర మిషను కుట్టుకుంటూ ఉంటే వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"మీ అమ్మకి ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి నన్నెందుకు తిట్టట్లేదే? నేనంటే విసుగు పుట్టిందా?"

కూతురు దారం కొరికింది. "మొక్కుకుంది నాన్నా. వంద రోజులు నిన్ను పల్లెత్తు మాట అననని."

"దేనికోసం?"

"అడిగాను. తీరే దాకా బయటపెట్టకూడదంది. ప్రార్థన మందిరం పెద్దాయనకి ఒక్కడికే చెప్పిందట."

మేస్త్రీ స్టూలు మీద కూలబడ్డాడు. తను కప్పు మీద ఉన్న మూడు రోజులూ ఆమె నీళ్ళ అంచున నిలబడే ఉందని ఇరుగుపొరుగు చెప్పారు. దేనికోసమో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నా ప్రాణం కోసమే" అన్నాడు. "ఎన్నాళ్ళయింది?"

"ఇవాళ్టికి ముప్ఫై నాలుగు."

"ఇంకా అరవై ఆరా? మీ అమ్మ తట్టుకుంటుందా?"

"అమ్మకేం, దిట్టంగా ఉంది. నువ్వే చిక్కి సగమయ్యావు."

మేస్త్రీ లేచి తిన్నగా ప్రార్థన మందిరానికి వెళ్ళాడు. పెద్దాయన నేల మీద చతికిలబడి, బల్లల కాళ్ళకు పట్టిన బురద రేకు ముక్కతో గీకుతున్నాడు.

"అయ్యగారూ, మా ఆవిడ మొక్కు విప్పేయండి."

"మొక్కు అంటే తాళం కప్ప అనుకున్నావా మేస్త్రీ?"

"నా మూలంగా ఆవిడ నోరు కట్టేసుకుంది. చూడలేకపోతున్నాను."

పెద్దాయన కాసేపు గీకి, "దారి ఒకటి లేకపోలేదు" అన్నాడు. "ఇంట్లోవాళ్ళు ఎవరైనా అంతకన్నా పెద్ద మొక్కు తలకెత్తుకుంటే ఆవిడది దిగిపోతుంది. నువ్వేం వదులుతావు?"

"చుట్టలు."

"పోయినేడే మానేశావు కదయ్యా. దేవుడికి ఆమాత్రం గుర్తుండదా? నీకు అన్నిటికన్నా ఇష్టమైనదేదో అది చెప్పు."

మేస్త్రీ వేళ్ళ సందుల్లో నూనె మరకలు గోటితో గీరుకున్నాడు.

"మా ఆవిడకి ఎదురు చెప్పడం" అన్నాడు చివరికి.

పెద్దాయన చేతిలో రేకు ఆగిపోయింది. అటు తిరిగి చాలాసేపు దగ్గాడు.

"ఎన్నాళ్ళు?"

"బతికినన్నాళ్ళూ."

"తొందరపడకు. తర్వాత నన్ను అనకూడదు."

"ఆవిడ నా కోసం మొక్కుకుంది అయ్యగారూ. నేను ఆవిడ కోసం నాలుగు మాటలు వదులుకోలేనా?"

"ఆవిడ ఏం మొక్కుకుందో నేను చెప్పకూడదు" అన్నాడు పెద్దాయన. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ముసలాయన మనసు ఇంత మెత్తనని మేస్త్రీకి అప్పటిదాకా తెలియదు.

చీకటి పడకముందే పెద్దాయన ఇంటికి వచ్చి, "నీ మొక్కు దిగిపోయిందమ్మా, మేస్త్రీ తలకెత్తుకున్నాడు" అని మాత్రం చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ బురద చెప్పులు వేసుకుని, తుడిచిన గచ్చు మీద గుమ్మం నుంచి వంటింటి దాకా నడిచాడు.

ఆమె మొదలుపెట్టింది. ఆ అడుగుల దగ్గర అందుకుని, గొడుగు మీదికి, బకెట్ మీదికి, తమ్ముణ్ణి అన్న మాట మీదికి వెళ్ళి, పెళ్ళినాటి సంగతుల దాకా తవ్వింది. ముప్ఫై నాలుగు రోజుల బాకీ అరగంటలో తీర్చేసింది. ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచారు.

మేస్త్రీ నాలుక చివరికి ఏడు జవాబులు వచ్చాయి. వాటిలో రెండు చాలా గొప్పవి. ఏడింటినీ మింగేశాడు. పెట్టె భుజాన పెట్టుకుని, నవ్వుకుంటూ పనిలోకి వెళ్ళిపోయాడు.

వీధి మలుపు తిరిగే దాకా ఆయన్ని చూసి, కూతురు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పాపం నాన్న. నీ మొక్కు దిగిపోయింది కదా, ఇప్పుడైనా చెప్పమ్మా. ఏమని మొక్కుకున్నావు?"

"మీ నాన్న ఎదురు చెప్పడం మానాలని."