షీల్డు మీద పేరు

సూరత్‌లోని సచిన్ పేట నుంచి నవాగామ్ పేటకు మారిన కొత్తలోనే సోమలింగం తెలుగు సంఘానికి సెక్రటరీ అయ్యాడు. ఏడాది తిరక్కుండానే కుర్చీ ఊగడం మొదలైంది. కారణం తిరుమల. ఒకరు కాదు, ఇద్దరు.

ఒక తిరుమల బరువులెత్తుతాడు. ఇంకో తిరుమల కబడ్డీ ఆడుతుంది. ఇద్దరూ సూరత్ తెలుగువాళ్లలో పేరున్న ఆటగాళ్లే.

కరోనాకు ముందు జరిగిన సభలో సోమలింగం మైకులో "తిరుమల" అని పిలిచాడు. కబడ్డీ షీల్డును బరువుల తిరుమల వచ్చి దర్జాగా పట్టుకుపోయాడు. చిత్రమేమిటంటే, కబడ్డీ తిరుమల కిమ్మనలేదు. ప్రెసిడెంట్ సాంబయ్య మాత్రం సోమలింగాన్ని ఏకిపారేశాడు.

"ఇంకోపారి గిట్ల జేస్తివా, నీ కుర్చీల ఇంకొకడు కూసుంటడు."

ఆ తర్వాత లాక్‌డౌన్. బతుకుదెరువైన మగ్గాలు ఆగాయి, ఆటలూ ఆగాయి. తిరుమలలిద్దరికీ ఒకే వారంలో కరోనా వచ్చి, ఒకే వారంలో తగ్గింది. అంతా పేరు మహిమ అనుకున్నాడు సోమలింగం.

ఇన్నాళ్లకు మళ్లీ సభ. మళ్లీ కబడ్డీ షీల్డు తిరుమలకే. హాలు నిండా మాస్కులు, ఎవరు ఎవరో దేవుడికే తెలియాలి. సోమలింగం ఈసారి పకడ్బందీగా కొత్త పద్ధతి పెట్టాడు. ఎవరి పేరు, ఎవరి ఆట వాళ్లే మైకులో చెప్పాలి. అప్పుడే షీల్డు.

కబడ్డీ ఆడే మనిషి వేదికెక్కింది.

"పేరు జెప్పమ్మా," అని సోమలింగం మైకు ముందుకు జరిపాడు.

ఆమె తల దించుకుంది. "కబడ్డీ నాదే అన్నా. పేరు మీరే చదువున్రి."

"నేను చదివే పోయినపారి మునిగిన. నువ్వే జెప్పాలె."

ఆమె మాస్కు సర్దుకుంది. రెండో వరసలో బరువుల తిరుమల మాస్కు కిందికి లాగి భుజాలు ఊగిపోయేలా నవ్వుతున్నాడు. ఈసారి కూడా లేచి వస్తాడేమోనని సోమలింగం షీల్డును గట్టిగా పట్టుకున్నాడు. ముందు వరసలో సాంబయ్య అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు.

"ఏంది తల్లీ, పేరు జెప్తే ముత్యాలు రాల్తయా? జెప్పకుంటే షీల్డు లోపట వెడ్త," అన్నాడు సోమలింగం.

ఆమె షీల్డు వైపు ఆశగా చూసింది. చెమటలు పట్టిన సోమలింగం వైపు జాలిగా చూసింది. చివరికి మైకుకు చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా గొణిగింది.

"పెండ్లయినప్పటి సంది గా పేరు నోట్లెకెల్లి తియ్యలే అన్నా, గా రెండో వరసల నవ్వేటాయన నా పెనిమిటి."